ఖుష్కి ట్రాకులో టాంగా చప్పుడు

నేను దయ్యాల్ని నమ్మను. మండలాఫీసులో ఉద్యోగం చేసేవాడికి కాగితం మీద లేనిది లోకంలో లేనట్టే. కోడేరులో పనిచేసే రోజుల్లో ఒక పెద్దమనిషి వచ్చి, తన చేలో దయ్యం తిరుగుతోందని, కౌలుకు ఎవరూ రావడం లేదని మొరపెట్టుకున్నాడు. ఏ భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసుండే పహాణీ తిరగేసి, "పట్టాల దయ్యం పేరు లేదు పెద్దయ్యా, కబ్జాల గూడ లేదు" అని చెప్పి పంపించాను. ఆఫీసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వుకుంటూనే వెళ్లాడు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది చదివి వీడికి మొదటి నుంచీ ఈ పిచ్చి ఉందేమో అనుకోకూడదని. పైగా నాకు జరిగింది భయపడే సంగతి కాదు. తలుచుకున్నప్పుడల్లా సంతోషమే కలుగుతుంది. లెక్క మాత్రం ఎంత వేసినా కుదరదు.

2008లో మేం నాగర్‌కర్నూలులో అద్దెకుండేవాళ్లం. మేం అంటే నేనూ, నా భార్య సుజాతా, అంతే. పెళ్లయి ఏడేళ్లయినా పిల్లలు లేరు. మహబూబ్‌నగర్ చూశాం, హైదరాబాదు చూశాం. ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదని ప్రతి దవాఖానాలోనూ చెప్పేవారు. లోపముందని చెప్పి ఉంటే దానికైనా మందు ఉండేది కదా అనిపించేది.

ఆ ఏడు వేసవిలో ఉప్పునుంతలలో మా చుట్టాలింట్లో పసిబిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్టెల చేశారు. పాట పాడటానికి సుజాతను ముందుకు పిలిచారు, ఆమె గొంతు బాగుంటుంది. పాడుతూ పాడుతూ అలవాటుగా తొట్టెల తాడు అందుకుంది. ఎవరో వెనక నుంచి వచ్చి ఆ తాడును మెల్లగా ఆమె చేతిలోంచి తీసేసుకున్నారు. సుజాత పాట ఆపకుండా చివరిదాకా పాడింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న నాకు మాత్రం ఏడుపొచ్చింది.

వారం తర్వాత అన్నం వడ్డిస్తూ చెప్పింది. "ఒక్క సంవత్సరం నేను దవాఖానకు పోను. మొక్కులు మొక్క. ఎవరన్న అడిగితే నువ్వే జెప్పుకో. గా అటక మీది గిటారు దించు, నీ పానం అంత దాని మీదనే ఉండె గద ఒకప్పుడు."

వనపర్తిలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు కొన్న ఎలక్ట్రిక్ గిటారు అది. పెళ్లయినప్పటి నుంచి అటక మీదే పడుంది. దించి దుమ్ము దులిపితే ఆరు తీగల్లో నాలుగు మిగిలాయి. ఆ సాయంత్రమే మా పక్క గల్లీలో ఉండే ఖాజా భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఖాజా భాయ్‌ది మైక్ సెట్ల దుకాణం. పెళ్లిళ్లకు, జాతర్లకు, వినాయకుడి మంటపాలకు, మిలాద్ జులూసులకు ఊళ్లో మోగే బాకాలన్నీ ఆయనవే. నాకంటే ఐదేళ్లు పెద్ద. నన్ను సీనూ అని, సుజాతను చెల్లె అని పిలిచేవాడు. వైరు కనబడితే చాలు, దాన్ని ఇంకో వైరుకు కలపకుండా ఉండలేని మనిషి. గిటారు చూసి ఎంత మురిశాడంటే, తన పెళ్లికి కూడా అంత మురిసి ఉండడు.

ఆయన బావ బెంగుళూరు దారిలో లారీ నడిపేవాడు. బెంగుళూరులో ఎవరో కొన్నాళ్లు వాడి అమ్మేస్తున్న, గిటారు శబ్దాన్ని పెంచే డిజిటల్ ఆంప్ ఒకటి ఆయన ద్వారా తెప్పించాం. దాన్ని తెచ్చుకోవడానికి నేనూ ఖాజా భాయ్ మోటార్ సైకిల్ మీద కొత్తకోట వెళ్లాం. హైవే మీది ధాబాలో రొట్టెలు తిని, లారీ వచ్చేదాకా కూర్చుని, వచ్చాక ఆంప్‌ను దుప్పట్లో చుట్టి ఖాజా భాయ్ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ బరువుకు దారి పొడుగునా బండి ఊగుతూనే ఉంది. ఏ గుంత వచ్చినా, "జర మెల్లగ మియా, లోపట కంప్యూటర్ ఉన్నది" అని నా వీపు మీద కొట్టేవాడు.

ఆంప్‌ను కంప్యూటర్‌కు కలిపి పాట రికార్డు చేయాలంటే మధ్యలో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె కావాలి. గిటారు నుంచి ఆంప్‌కు, ఆంప్ నుంచి ఆ పెట్టెకు, పెట్టె నుంచి కంప్యూటర్‌కు వైర్లు వెళ్తాయి. అదీ, గిటారుకు కొత్త తీగలూ హైదరాబాదులో దొరికాయి. కంప్యూటర్ ఖాజా భాయ్‌దే, దుకాణంలో గోల ఎక్కువని మా ముందు గదిలో పెట్టాం. అద్దె ఇంట్లో సగం వైర్లే. సుజాత వాటి మీంచి దాటుకుంటూ నడిచేది. ఏడేళ్లలో మా ఇల్లు ఎప్పుడూ అంత సందడిగా లేదు.

చిక్కల్లా ఆంప్ వెనక రెండు సాకెట్ల దగ్గర వచ్చింది. ఒకదాని మీద వెట్ అని, ఇంకోదాని మీద డ్రై అని రాసి ఉంది. ఖాజా భాయ్ వెనక్కి జరిగాడు. "వెట్ అంటె తడి గద? కరెంటు సామాన్ల తడి ఏంది సీనూ?" అన్నాడు.

నాకు తెలిసిన భాషలో చెప్పాను. మా పహాణీల్లో నీటి వసతి ఉన్న భూమిని తరి అంటాం. వాన తప్ప వేరే ఆధారం లేనిది ఖుష్కి. ఆంప్‌లోని ప్రతిధ్వని, గరగర, మెరుగులు అన్నీ కలుపుకుని బయటికి వచ్చే శబ్దం తరి. తీగ కదిలినప్పుడు గిటారులో పుట్టింది పుట్టినట్టే వచ్చేది ఖుష్కి. ఆయనకు వెంటనే అర్థమైంది. కాగితం ముక్కలు చింపి, తరి, ఖుష్కి అని రాసి రెండు సాకెట్లకూ అంటించాం. ఇంటర్‌ఫేస్‌కూ రెండు దారులే ఉన్నాయి కాబట్టి ఒకటి తరి ట్రాకు, రెండోది ఖుష్కి ట్రాకు అయింది.

ఆ జూన్‌లో ఖాజా భాయ్ చెల్లెలి బిడ్డకు నలభయ్యో రోజు చేసే చిల్లా వచ్చింది. ఆ వేడుకలో తన మైక్ సెట్లో మా సొంత పాట మోగాలని ఆయన పట్టుబట్టాడు. అలా రెండో శనివారం, ఆఫీసుకు సెలవు రోజు, పొద్దున్నే రికార్డింగ్‌కు కూర్చున్నాం.

మొదటి గంట గుయ్‌మనే శబ్దంతోనే సరిపోయింది. ఎలక్ట్రిక్ గిటారుకు ఈ జబ్బు ఉంటుంది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే మళ్లీ మొదలు. నేను ఆంప్ వెనక వైర్లు మార్చి మార్చి చూడాలి, ఖాజా భాయ్ కంప్యూటర్ దగ్గర ఉండాలి, మరి తీగలు పట్టుకునేదెవరు? సుజాతను పిలిచాం. బీరకాయలు కోస్తున్నది చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఎంతసేపు పట్టుకోవాలె? పొయ్యి మీద పప్పున్నది."

"ఐదు నిమిషాలు చెల్లె. ఊకె పట్టుకో, మీటకు," అన్నాడు ఖాజా భాయ్.

గిటారును ఒళ్లో పెట్టి, దాని వీపు కడుపుకు ఆనించుకుని, ఆరు తీగల మీదా అరచెయ్యి వేసి కదలకుండా కూర్చుంది. ఖాజా భాయ్ రికార్డు నొక్కాడు. ఆ పరీక్షకు తరి ఒక్కటే చాలు. రెండో ట్రాకు కూడా తెరిచి ఉందని నేను గుర్తుచేస్తే, "ఖుష్కిల ఏం పండుతది సీనూ, పడి ఉండనియ్" అన్నాడు. సరేలే అనుకున్నాను. తరికి పెట్టిన శ్రద్ధ ఖుష్కికి ఎవరు పెడతారు?

ఫైలు నిడివి ఏడు నిమిషాల నలభై సెకన్లు. గుయ్‌మనడం తగ్గింది, పప్పు మాడింది. మాడిన వాసన వస్తోందని సుజాత అరిచినా, కదిలితే మళ్లీ మొదలుపెట్టాలని మేం ఆమెను లేవనివ్వలేదు. మధ్యాహ్నం ఆ పప్పే ముగ్గురం నవ్వుకుంటూ తిన్నాం.

తిన్నాక ఫైలు విన్నాం. తరి ట్రాకులో ఏమీ లేదు. అందులో చిన్న శబ్దాలను కోసేసే ఏర్పాటు ఉంది కాబట్టి నిశ్శబ్దంగానే ఉండాలి. ఖాజా భాయ్ తుడిచేసే ముందు ఖుష్కి మీద ఒకసారి నొక్కాడు.

డబుక్, డబుక్, డబుక్. మెత్తగా, గబగబా, ఒక్కటి కూడా తప్పకుండా. మొదటి నిమిషం ఏమీ లేదు. ఆ తర్వాత మొదలై, సుజాత చెయ్యి తీసేదాకా ఉంది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

భయం వేయలేదు, ముందుగా కోపమొచ్చింది, ఇంకో జబ్బు మొదలైందిరా అని. ఆ రోజుల్లో ఫోను మోగే ముందు పక్కనున్న స్పీకర్లో టిటిక్ టిటిక్ అని వచ్చేది. అది కాదు. ఫోన్లు రెండూ ఆపి వంటింటి గూట్లో పెట్టాం, పైగా ఆ చప్పుడు గరుకుగా ఉంటుంది. పక్కింటి బోరు మోటరేమో అనుకుంటే, వాళ్లు ఆ రోజు ఊళ్లోనే లేరు. రేడియో తగులుతోందా అంటే, ఏ స్టేషనూ ఏడు నిమిషాలు ఒకే చప్పుడు వేయదు.

సుజాత నాడి అనుకున్నాను. అరచెయ్యి తీగల మీద ఉంది కదా. గడియారం పెట్టి లెక్కపెడితే ఆమెది నిమిషానికి డెబ్బై ఆరు, ట్రాకులోది దాదాపు రెట్టింపు. అయినా ఆమెను మళ్లీ కూర్చోబెట్టి మూడుసార్లు రికార్డు చేశాం. ఏమీ రాలేదు. నేను పట్టుకున్నాను, ఖాజా భాయ్ పట్టుకున్నాడు, రాలేదు. నా గిటారు పాతది, దగ్గరగా అరిస్తే ఆ అరుపు కూడా కొంచెం పట్టుకుంటుంది. ఖాజా భాయ్ దాని మీదికి వంగి గొంతెత్తి పాడితే సన్నగా వినిపించింది. అంటే గిటారును ఆనుకుని ఉన్న చప్పుడేదైనా అందులోకి రావచ్చు. కానీ ఆ ఏడు నిమిషాలూ గిటారును ఆనుకుని ఉన్నది సుజాత ఒక్కతే.

ఖాజా భాయ్‌కు విచారణ మీద ఆసక్తి పోయింది. కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. "అరె సీనూ, గిది టాంగా! మా తాత టాంగా గిట్లనే ఉరుకుతుండె. ఎవ్వలన్న ఎక్కితె సాలు, గుర్రం ఖుషీ అయ్యి గిట్లనే ఉరుకుతుండె. దీని మీదనే వాయించు!"

వాయించాను. ఆ చప్పుడును వెనక పెట్టుకుని తీగ మీటితే, వారాల తరబడి సగంలో ఆగిపోతున్న పాట రెండు గంటల్లో పూర్తయింది. నేనేదో పాటను నడిపిస్తున్నట్టు లేదు, ఎవరో ముందు పరిగెడుతుంటే వెనకాల నవ్వుకుంటూ వెళ్తున్నట్టుంది. సుజాత వంటింటి గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. ఉప్పునుంతల నుంచి వచ్చాక ఆమె అలా పళ్లన్నీ కనబడేలా నవ్వడం నేను చూసింది ఆ రోజే.

చిల్లా రోజు ఖాజా భాయ్ ఇంటి ముందు నాలుగు బాకాల్లో ఆ పాట మోగింది. పిల్లలు ఎగిరారు. ఎంత ఎత్తుకున్నా ఊరుకోని పసిపాప, పాట మొదలవగానే ఏడుపు ఆపింది. ఆపితే మళ్లీ ఏడిచింది. దాంతో ఆ మధ్యాహ్నమంతా ఆ పాట ఒక్కటే మోగింది. ఖాజా భాయ్ వాళ్లమ్మ ఢోలక్ ఎవరు కొట్టారని అడిగింది.

"చెల్లె కొట్టింది అమ్మీ," అన్నాడు ఖాజా భాయ్.

"నేనేం కొట్టలే అమ్మీ. ఊకె కూసున్న," అంది సుజాత. అందరూ నవ్వారు. ఆ పెద్దావిడ నవ్వుతూనే పాపను తెచ్చి సుజాత ఒళ్లో పెట్టింది, సాయంత్రం దాకా అక్కడి నుంచి తీయనివ్వలేదు.

ఇదంతా జూన్ సంగతి. దీన్ని మరిచిపోయాం కూడా.

సెప్టెంబరులో సుజాత రెండు రోజులు ఏదో దాస్తున్నట్టు తిరిగి, మూడో రోజు చెప్పింది. నాకు నమ్మకం కుదరలేదు. ఆమెకూ కుదరలేదు. ఇద్దరం ఎవరికీ చెప్పకుండా, దొంగల్లా, ఊళ్లోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఔనంది. దసరా అయ్యాక మూడో నెల నిండుతుందనగా మళ్లీ రమ్మంది.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలు. సుజాతను పడుకోబెట్టి, చేతిలో పట్టే చిన్న మిషన్ ఒకటి తీసింది. వైరు చివర ఉన్న గుండీలాంటి దాన్ని కడుపు మీద ఆనించి అటూ ఇటూ జరిపింది. గరగరమంది. ఇంకొంచెం జరిపింది.

డబుక్, డబుక్, డబుక్.

సుజాత పక్కున నవ్వింది. ఆపుకోలేక ఇంకా నవ్వింది. నవ్వుకు కడుపు కదిలి చప్పుడు పోయింది, డాక్టరమ్మ మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఏందమ్మా, గిది ఇన్నంక అందరు ఏడుస్తరు. నువ్వు నవ్వవడ్తివి?"

"మా ఖాజన్న టాంగా మేడం!" అంది సుజాత.

పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఏడిచింది నేనే.

నేను గుమాస్తాను కదా, సంతోషంలో కూడా తేదీలు వదలను. తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆ ఏడు నిమిషాల ఫైలు సీడీలో వేసుకుని, సీడీ ప్లేయరూ ఇయర్‌ఫోన్లూ పట్టుకెళ్లాను. డాక్టరమ్మ రెండుసార్లు విన్నది. "మంచిగ వచ్చింది. మా మిషన్ నుంచి ఎప్పుడు రికార్డు చేసుకున్నరు?" అంది. జూన్‌లో, గిటారు మీద అన్నాను. ఆమె చీటీ వెనక తేదీలు వేసి చూపించింది. జూన్‌లో ఈ బిడ్డ లేదు. జూలైలోనూ లేదు. ఆగస్టు రెండో వారం కంటే ముందు ఉండే వీలే లేదు. పైగా మూడో నెల నిండితే గానీ మిషన్‌కే వినపడని చప్పుడు, గిటారుకు ఎట్లా వినపడుతుందంది. మీరు తేదీ పొరబడి ఉంటారని తేల్చేసింది.

పొరబడలేదు. ఫైలు మీద జూన్ తేదీ ఉంది. కంప్యూటర్ తేదీ తప్పనుకున్నా, చిల్లా తేదీ తప్పు కాదు. ఆ రోజు వచ్చినవాళ్లంతా ఆ చప్పుడుకు చప్పట్లు కొట్టారు. అంతకు ముందే ఇంకో గర్భం వచ్చి పోయి ఉండొచ్చు కదా అని ఒక స్నేహితుడు అన్నాడు. అదీ చూశాను. ఏళ్ల తరబడి డాక్టర్లు అడిగి అడిగి, నెలనెలా క్యాలెండరు మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడం సుజాతకు అలవాటైంది. దవాఖానా మానేసినా ఆ అలవాటు మానలేదు. ఏప్రిల్, మే, జూన్, జూలై, నాలుగు గుర్తులూ ఉన్నాయి. జూన్ గుర్తు ఆ రెండో శనివారానికి సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత ఉంది. ఆ క్యాలెండరు ఇంకా నా దగ్గరే ఉంది.

పసిగుండెలన్నీ వినడానికి ఒకేలా ఉంటాయని డాక్టరమ్మ అంది. ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు మా ముందు గదిలో ముగ్గురం పెద్దవాళ్లం తప్ప ఇంకెవరూ లేరు. ఆ గుండె ఎవరిదో నాకు తెలియదు. ఖాజా భాయ్‌ను అడిగితే ఆకాశం వైపు చూపించి, వైర్లు సర్దుకోవడంలో పడిపోయాడు.

మరుసటి ఏడాది మే నెలలో, మిట్టమధ్యాహ్నం, మాకు ఆడపిల్ల పుట్టింది. ఉప్పునుంతల వాళ్లు కూడా తొట్టెలకు వచ్చారు. తాడు సుజాత ఎవరికీ ఇవ్వలేదు.

పాప ఆరో నెలలో ఉండగా, హైదరాబాదులో ఉన్న నా పాత క్లాస్‌మేటు ఒకడు, శబ్దాల మీద పనిచేసే ఇంజనీరు, ఆ ఫైలు పంపమన్నాడు. ముక్కలు ముక్కలు చేసి చూస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలిపోతుందన్నాడు. నాకు ఉత్సాహమొచ్చింది. సీడీ తీసి కవర్లో పెట్టి అడ్రసు రాస్తుంటే, పాపకు పాలిస్తున్న సుజాత చూసింది.

"ఏం జేస్తున్నవ్?"

చెప్పాను.

"ఒద్దు," అంది. "ఏడేండ్లు మనమే పిలిచినం. ఏ దవాఖానల పిలువలే, ఏ గుట్టకాడ పిలువలే? ఇగ పిలుసుడు బంద్ జేసి మాడిన పప్పు తిన్ననాడు, వస్తున్న అని అదే జెప్పింది. జెప్పినట్టే వచ్చింది. ఇగ దాన్ని ముక్కలు జేసి ఏం జూస్తవ్?"

నేను కవరు పక్కన పెట్టాను. ఆ చప్పుడు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెల్వదు.